టార్చిలైటు ప్రాజెక్టు కాదా?

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పాఠశాల విద్య, గిరిజన సంక్షేమ అధికారులకు, సైన్స్ ఫెయిర్ల న్యాయనిర్ణేతలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులారా, న్యాయనిర్ణేతలారా,



ఒక పిల్ల తన చేతులతో కూర్చిన ఎల్‌ఈడీ టార్చిలైటును బల్ల మీద పెడితే, దాన్ని పోటీ నుంచి తప్పించడానికి సైన్స్ ఫెయిర్లలో ఒక్క మాట చాలుతోంది: 'ఇందులో కొత్తదనం లేదు.' ఆ మాట నేను ఒప్పుకోను. పన్నెండేళ్ల పిల్లను కొత్తదనం అడగడమే తప్పంటాను. ఆమెను అడగవలసింది వేరే ఉంది. అది అడగడం మీరు మానేశారు కాబట్టి ఈ లేఖ. నలుగురికీ తెలియాలి కాబట్టి బహిరంగంగా.

నేను గోదావరిఖనిలో రేడియోలు, టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసే మనిషిని. సైన్స్ ఫెయిర్ తేదీ బయటికి రాగానే తల్లిదండ్రులు నా కౌంటర్ దగ్గరికి వస్తారు. స్మార్ట్ డస్ట్‌బిన్ ఉందా, గీత మీద నడిచే రోబో ఉందా, వాన పడితే మోగే అలారం ఎంత అని అడుగుతారు. విడి భాగాల కిట్టూ ఉంటుంది, కూర్చి పెట్టిందీ ఉంటుంది. ఫెయిర్ ఎల్లుండే కనుక కూర్చిందే కావాలంటారు. మర్నాటికి ఆ డబ్బా మీద పిల్లవాడి పేరు, బడి పేరు, గైడ్ టీచర్ పేరు అంటించి ఉంటాయి. మాలాంటి దుకాణాలకు ఇది మంచి బేరమే. మీకు ఇందులో ఏం లాభం? మీరు కొత్తదనం అడిగారు, ఊరు దాన్ని కొనుక్కొచ్చి ఇచ్చింది. అంతకంటే ఏం జరిగింది?

నిరుడు ఒక మండల స్థాయి ప్రదర్శన చూడటానికి వెళ్లాను. ఏ మండలమో, ఏ బడో చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క చోటి సంగతి కాదు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె కరెంటు వైరింగుకు వాడే పీవీసీ పైపు ముక్కలో మూడు పెన్సిల్ సెల్లులు, ఒక తెల్ల ఎల్‌ఈడీ, ఒక రెసిస్టెన్స్, ఒక చిన్న స్విచ్చు పెట్టి టార్చి చేసింది. ఏది ఎందుకు పెట్టావంటే తడుముకోకుండా చెప్పింది. పక్క బల్ల మీద రోబో ఉంది. దాని యజమానిని బ్యాటరీ ఎక్కడుందని అడిగితే వాళ్ల నాన్న వైపు చూశాడు. పై స్థాయికి వెళ్లింది రోబో. అధికారులారా, ఆ రోజు మీ విధానం ఏ పిల్లను ప్రోత్సహించింది? ఏ పిల్లకు ఏం పాఠం చెప్పి ఇంటికి పంపింది?

మీరు చిన్న బొమ్మగా చూసిన ఆ టార్చిని మీ ముందే విప్పుతాను.

రిమోట్‌లో వేసే పెన్సిల్ సెల్లు ఒకటిన్నర వోల్టులది. మూడింటిని వరుసగా పెడితే నాలుగున్నర. తెల్ల ఎల్‌ఈడీకి దాదాపు మూడు వోల్టులు చాలు. మిగిలిన ఒకటిన్నరను ఎక్కడ దింపాలి? రెసిస్టెన్స్ మీద. ఎల్‌ఈడీలో 20 మిల్లీ ఆంపియర్లకు మించి కరెంటు పోకూడదనుకుంటే ఒకటిన్నరను 0.02తో భాగించాలి. 75 ఓములు వస్తుంది. బజారులో 82 ఓములదో, 100 ఓములదో తెచ్చి వేస్తే సరి. పదో తరగతి పిల్లలు పరీక్షలో నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకునే ఓమ్ నియమాన్ని ఆ అమ్మాయి ఏడో తరగతిలోనే వాడుకుంది. రెసిస్టెన్స్ లేకుండా కలిపి ఉంటే ఎల్‌ఈడీ కాసేపు కళ్లు చెదిరేలా వెలిగి, వేడెక్కి, పాడయ్యేది. రెండు రూపాయల నష్టం. ఓమ్ నియమాన్ని ఇంత చవగ్గా, ఇంత గట్టిగా నేర్పే పరికరం మీ ల్యాబుల్లో ఇంకేదైనా ఉందా?

ఎల్‌ఈడీకి రెండు కాళ్లుంటాయి. పొడుగుది ప్లస్, పొట్టిది మైనస్. తిరగేస్తే వెలగదు. పాత టార్చి బల్బుకు ఈ పట్టింపు లేదు, ఎటు పెట్టినా వెలిగేది. దీనికెందుకు ఈ పట్టింపు అని పిల్ల అడిగిందంటే డయోడు పాఠం మొదలైనట్టే. దానికోసం ఇంటర్ దాకా ఆగనక్కర్లేదు. ఇంకో లెక్క చూడండి. మన తాతలు రాత్రి మోటరు పెట్టడానికి పొలం పోతూ పట్టుకున్న ఇత్తడి టార్చిలో సాధారణంగా 2.5 వోల్టుల బల్బు ఉండేది. అది 300 మిల్లీ ఆంపియర్లు తాగేది, అందులో చాలా భాగాన్ని వేడిగా పారబోసేది. ఈ అమ్మాయి టార్చి తాగేది 20. అంటే పదిహేనో వంతు. సెల్లుల ఖర్చు ఇంట్లో ఎందుకు తగ్గిందో ఆ పిల్ల తల్లికి లెక్క కట్టి చెప్పగలదు. విద్యుత్ పొదుపు మీద వ్యాసరచన పోటీలు పెడతారు కదా, ఇంతకంటే మంచి వ్యాసం ఎవరైనా రాశారా?

ఇక కొత్తదనం సంగతి. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చింది. తెల్ల వెలుగు కావాలంటే ముందు నీలం ఎల్‌ఈడీ కావాలి, అది ఏళ్ల తరబడి ఎవరికీ సరిగ్గా చిక్కలేదు. జపాన్‌లో అకసాకి, అమనో, నకమురా దాన్ని సాధించారు. 1990ల మొదట్లో బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ వచ్చాక దాని మీద పసుపు రంగు ఫాస్ఫర్ పూత పూసి తెల్ల వెలుగు తీశారు. ఆ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. నోబెల్ తెచ్చిన ఆ వస్తువు ఇవాళ మా దుకాణంలో ప్లాస్టిక్ డబ్బాలో గుప్పెళ్ల కొద్దీ పోసి ఉంటుంది. దాన్ని అర్థం చేసుకుని వెలిగించిన పిల్లతో ఇందులో కొత్తేముందని అనడానికి మనకు నోరెలా వస్తోంది? ఆ పిల్ల జీవితంలో అంతకంటే కొత్తది ఏముంది?

టార్చి నేర్పే అసలు చదువు అది వెలగనప్పుడు మొదలవుతుంది. ముప్పై మంది పిల్లలు కూర్చితే మొదటిసారికే అందరివీ వెలగవు. సెల్లు తిరగబడి ఉంటుంది. ఎల్‌ఈడీ కాళ్లు మారి ఉంటాయి. వైరు మీది ప్లాస్టిక్ పూర్తిగా ఒలిచి ఉండదు. సోల్డర్ పైకి అతుక్కున్నట్టు కనిపిస్తుంది గానీ లోపల పట్టదు. స్విచ్చు లోపల రేకు వంగి ఉంటుంది. పాత సెల్లు అయిపోయి ఉంటుంది. ఒక మామూలు మల్టీమీటరుతో ఒక్కో చోట తాకిస్తూ, ఇక్కడిదాకా కరెంటు వచ్చింది, ఇక్కడ ఆగిపోయింది అని తేల్చుకుంటూ పోవాలి. స్తంభం కింద నిలబడ్డ లైన్‌మన్ చేసేదీ, నా బల్ల మీద నేను చేసేదీ ఇదే పని. పెద్ద విద్యుత్ కేంద్రాల్లో కంట్రోల్ రూం ఇంజనీరు పద్ధతి కూడా ఇదే. పాఠ్యపుస్తకంలో గీసిన వలయం ఎప్పుడూ చెడిపోదు. చెడిపోని వలయంతో వెతకడం ఎలా నేర్పుతారు? దుకాణంలో కొన్న రోబో ఫెయిర్‌లో ఆగిపోతే పిల్లవాడు ఏడవడం తప్ప ఏం చేయగలడు?

ఈ ప్రశ్నలు ఏ జిల్లాలో అడిగినా అడగవలసినవే. మన జిల్లాల్లో అయితే అడగకపోవడం సిగ్గుచేటు. రామగుండంలో 62.5 మెగావాట్ల కేంద్రం 1971లోనే కరెంటు ఇచ్చింది. ఎన్టీపీసీ మొదటి యూనిట్ 1983లో మొదలై, ఆ కేంద్రం 2,600 మెగావాట్లకు పెరిగింది. పక్కనే రిజర్వాయరు నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల సౌర కేంద్రం 2022 నుంచి పూర్తిగా నడుస్తోంది. జైపూర్‌లో సింగరేణి 1,200 మెగావాట్ల కేంద్రం కట్టుకుంది. సిరిసిల్ల రైతులు, నేతన్నలు 1970లోనే సహకార సంఘం పెట్టుకుని తమ కరెంటు తామే పంచుకోవడం మొదలుపెట్టారు. గనిలోకి దిగే కార్మికుడు లాంపు రూములో క్యాప్ లాంపు తీసుకుని, అది వెలుగుతోందో లేదో చూసుకున్నాకే లోపలికి పోతాడు. వెలుగు మీద ఇంతగా బతికే నేలలో, ఇంత కరెంటు బయటికి పంపే నేలలో, ఒక పిల్ల మూడు సెల్లులతో దీపం వెలిగిస్తే దాని విలువ మీరు గుర్తించకపోతే ఇంకెవరు గుర్తిస్తారు?

పిల్లల చేతులకు తీగలు అతికే ఒడుపు ఎక్కడిదని అంటారేమో. కరీంనగర్ ఫిలిగ్రీ పనివాళ్లు వెంట్రుక లాంటి వెండి తీగను మెలితిప్పి, మంట మీద అతికి, గంధం గిన్నెలు, అత్తరుదానులు చేస్తారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆదిలాబాద్ ఓజలు మైనపు తీగలు చుట్టి డోక్రా బొమ్మలు పోత పోస్తారు. నిర్మల్ నకాషీలు పొనికి చెక్కను చెక్కి, చింతగింజల జిగురుతో అతికి బొమ్మలకు ప్రాణం పోస్తారు. వేడి పెట్టి లోహాన్ని అతకడం ఈ నేలకు తరాల నాటి విద్య. జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. ఆ పది రోజుల్లో ఒక్క రోజు ఫిలిగ్రీ పనివాడి పక్కన కూర్చుని అతకడం, మర్నాడు అదే చేత్తో టార్చి కూర్చడం అంటే ఎంత బాగుంటుంది! ఇది ఆలోచించడానికి మీకు ఢిల్లీ అనుమతి కావాలా?

సాధారణంగా మూడు అభ్యంతరాలు అడ్డొస్తాయి. ఒక్కొక్కటే తీసుకుంటాను.

మొదటిది ప్రమాదం. సోల్డరింగ్ ఐరన్ కాలుతుందని, పిల్లలకు ఇవ్వకూడదని అంటారు. అది ఏ జీవోలో ఉందో చూపించండి. ఐరన్ కాలుతుంది, కాదనను. అందుకే ఆరో తరగతి పిల్లలకు అది అక్కర్లేదు. వైరు మెలితిప్పి ఇన్సులేషన్ టేపు చుట్టవచ్చు, లేదా ఎలక్ట్రీషియన్లు వాడే స్క్రూ కనెక్టర్లతో బిగించవచ్చు. ఎనిమిదో తరగతి నుంచి టీచర్ పక్కనుండగా, కిటికీలు తెరిచి, కళ్లకు అద్దాలు పెట్టి, పని అయ్యాక చేతులు కడిగించి ఐరన్ పట్టించవచ్చు. ప్రమాదం నిజంగా ఉన్న చోట మాత్రం మీరు నోరు మెదపడం లేదు. జాతరల్లో, సంతల్లో అమ్మే చవక రీచార్జి టార్చిలను వెనక పిన్నులు లాగి నేరుగా గోడ ప్లగ్గులో గుచ్చుతారు. వాటిలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఒక కెపాసిటరే 230 వోల్టులను తగ్గిస్తుంది. అంటే ప్లగ్గులో ఉన్నంతసేపు లోపలి ప్రతి తీగా మెయిన్స్‌తో కలిసే ఉంటుంది. పైన పగిలిన ప్లాస్టిక్‌లోంచి పిల్ల వేలు తగిలితే ఏమవుతుందో చెప్పాలా? పెన్సిల్ సెల్లుతో టార్చి చేసిన పిల్ల ఈ తేడా తెలుసుకుంటుంది. గోడ ప్లగ్గు జోలికి పోవద్దని, పాత సెల్‌ఫోన్ లిథియం బ్యాటరీని గుచ్చవద్దని, గడియారంలో వేసే బటన్ సెల్లు పసివాళ్లకు అందకూడదని, మింగితే ప్రాణం మీదికి వస్తుందని మీరు చెప్పవలసింది ఈ పాఠంలోనే. పని చేయించకుండా జాగ్రత్త ఎలా నేర్పుతారు?

రెండోది డబ్బు. ఎల్‌ఈడీ రెండు రూపాయలు, రెసిస్టెన్స్ రూపాయి లోపు. స్విచ్చు, వైరు, మూడు సెల్లులు కలుపుకున్నా ఒక టార్చికి మా దుకాణం ధరల్లో యాభై రూపాయలు దాటదు. 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీకి ముందే అద్దపు గుబ్బ లాంటి ముఖం ఉంటుంది కాబట్టి వెలుగు తిన్నగానే పోతుంది, రిఫ్లెక్టరు కొననక్కర్లేదు. నలభై మంది తరగతికి రెండు వేలు. కేంద్రం ఇన్‌స్పైర్ మానక్ కింద ఎంపికైన ఒక్క ఆలోచనకు 10,000 రూపాయలు ఇస్తుంది. అది రెండు వందల మంది పిల్లల టార్చిల ఖర్చు. ఒక్కో అటల్ టింకరింగ్ ల్యాబుకు 20 లక్షల దాకా ఇస్తుంది. అది నలభై వేల టార్చిలు. ఆ పథకాలు ఆపమని నేననడం లేదు. ఇన్‌స్పైర్‌కు పంపే ముందు ఆ పిల్ల కనీసం ఒక వలయం కూర్చిందా, ల్యాబు తాళం వారానికి ఎన్ని గంటలు తెరుచుకుంటోంది, పక్క ఊరి బడి పిల్లలు అందులో అడుగుపెట్టారా అని అడుగుతున్నాను. రాష్ట్రం 65 ఐటీఐలను 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ కేంద్రాలుగా మార్చే పని చేపట్టింది. ఆ కేంద్రాల్లో రేపు చేరవలసిన పిల్లలు ఇవాళ ఆరో తరగతిలో ఉన్నారు. వాళ్ల చేతికి యాభై రూపాయల సామాను ఇవ్వడానికి ఖజానా లేదంటే ఎవరు నమ్ముతారు?

మూడోది స్టాక్ రిజిస్టరు. ఈ మాట మీరు పైకి అనరు, కానీ టీచర్లు అదే చెబుతారు. వస్తువు పోతే ఎవరు బాధ్యులు, కాలిన ఎల్‌ఈడీని ఆడిట్‌లో ఏం చూపాలి అనే భయంతో సామాను బీరువాలోనే ఉండిపోతుంది. సుద్దముక్క అరిగిపోతే ఎవరినీ సంజాయిషీ అడగరు కదా? ఎల్‌ఈడీ, వైరు, సెల్లు, రెసిస్టెన్స్ కూడా వాడితే అయిపోయే సామానే అని రాతపూర్వకంగా చెప్పగలిగింది మీరే. మీ సంతకం ఒక్కటే ఆ బీరువా తెరుస్తుంది. ఎందుకు పెట్టడం లేదు?

ఇదంతా ఎక్కడా జరగని ఊహ కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పల్లె బడులతో ఒక ప్రయత్నం మొదలైంది. పిల్లలు చవక సామానుతో ప్రయోగం చేసి, తామే నిర్ధారణకు వచ్చి, తామే రాసుకునేవాళ్లు. ముప్పై ఏళ్లు నడిచి, వందల బడులకు విస్తరించిన ఆ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వమే మూసేసింది. మొదలుపెట్టడానికి ఎందరో కష్టపడ్డారు, ఆపడానికి ఒక్క ఉత్తర్వు చాలింది. అధికారుల చేతిలో ఎంత బలం ఉందో చెప్పడానికే దీన్ని గుర్తుచేస్తున్నాను. అదే 1972లో రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ పుట్టింది. అక్షరం రాని అమ్మమ్మలు, నాయనమ్మలు అక్కడ కూర్చుని రంగులు చూసి రెసిస్టెన్స్‌ను గుర్తుపట్టి, సర్క్యూట్ బోర్డు మీద సోల్డర్ చేసి, సోలార్ దీపాలు తయారుచేస్తారు. ఆ రాష్ట్రంలోనే డూంగర్‌పూర్‌లో గిరిజన మహిళలు ఐఐటీ బాంబే సాయంతో దీపాలు కూర్చడం నేర్చుకుని, తర్వాత సోలార్ ప్యానెళ్లు తయారుచేసే సంస్థనే పెట్టుకున్నారు. 2018 అక్టోబరు 2న ఐఐటీ బాంబేలో వేల మంది బడి పిల్లలు ఒకే చోట కూర్చుని సోలార్ చదువు దీపాలు తామే కూర్చి వెలిగించారు. వాళ్లలో ఎవరూ కొత్త దీపం కనిపెట్టలేదు. అందరూ ఒకే దీపం చేశారు. అయినా దాన్ని పండగలా చేసుకున్నారు. డూంగర్‌పూర్ గిరిజన తల్లికి చేతనైన పని ఉట్నూరు, జైనూరు, తిర్యాణి ఆశ్రమ పాఠశాలల పిల్లలకు చేతకాదని మీరు ఎలా తేల్చారు?

గిరిజన సంక్షేమ అధికారులకు ప్రత్యేకంగా ఒక మాట. గూడేలకు స్తంభాలు వేశారు, తీగలు లాగారు. కానీ వానాకాలంలో అడవి గుండా వచ్చే లైను మీద ఒక కొమ్మ విరిగి పడితే కరెంటు ఎప్పుడొస్తుందో గూడెం చేతుల్లో ఉండదు. రాత్రి పూట జ్వరం వచ్చిన పిల్లను రోడ్డు దాకా మోసుకెళ్లాలన్నా, పశువుల పాక దగ్గర చప్పుడైతే చూడాలన్నా, పాము ఉందో లేదో తెలుసుకుని అడుగు వేయాలన్నా బ్యాటరీ లైటే దిక్కు. అది పాడైతే సంత రోజు దాకా ఆగాలి. గోండు, కొలాం ఇళ్లలో ఒక్క పిల్లకు దాన్ని విప్పి బాగుచేయడం వస్తే ఆ ఇంటికే కాదు, చుట్టుపక్కల ఇళ్లకూ ఆసరా. మీ బడిలో నేర్పిన సైన్సు మర్నాడే గూడెంలో పనికొచ్చే సందర్భాలు ఎన్ని ఉన్నాయి? దొరికిన ఒక్కదాన్నీ ఎందుకు వదులుకుంటున్నారు?

పెద్ద తరగతులకు ఇంకో మెట్టు ఉంది. గోడ గడియారం ఆగిపోగానే మనం పారేసే సెల్లులో ఇంకా కొంత శక్తి మిగిలే ఉంటుంది. దాని వోల్టేజి ఒకటి దాకా పడిపోయి ఉంటుంది కాబట్టి మూడు వోల్టులు కోరే ఎల్‌ఈడీ దానితో వెలగదు. కానీ ఒక ఫెరైట్ రింగు మీద రెండు తీగలు కలిపి చుట్టి, ఒక ట్రాన్సిస్టర్, ఒక వెయ్యి ఓముల రెసిస్టెన్స్ కలిపితే ఆ ఒక్క పాత సెల్లుతోనే వెలుగుతుంది. ట్రాన్సిస్టర్ సెకనుకు వేలసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. మూసుకున్న ప్రతిసారీ కాయిల్‌లో దాగిన శక్తి సెల్లు వోల్టేజికి తోడై ఎల్‌ఈడీని వెలిగిస్తుంది. ఎలక్ట్రానిక్స్ అభిరుచి ఉన్నవాళ్లు దీన్ని జూల్ థీఫ్ అంటారు. ఫెరైట్ రింగులు మాలాంటి రిపేరు షాపుల చెత్తడబ్బాల్లోనే దొరుకుతాయి, అడిగితే ఊరికే ఇస్తాం. పాడైన బ్యాటరీలను చెత్తలో కలపకుండా సేకరించాలని 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. బడికో డబ్బా పెట్టి పాత సెల్లులు పోగుచేయించండి. తొమ్మిదో తరగతి పిల్లలు వాటిలో మిగిలిన చివరి వెలుగు పిండుకున్నాక సేకరణ కేంద్రానికి పంపండి. పర్యావరణ దినోత్సవం నాటి ర్యాలీ కంటే ఇది ఎక్కువ పని చేయదా?

రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019 నుంచి 'ఇంటింటా ఇన్నోవేటర్' నడుపుతోంది. పల్లెల్లో కొత్తవి కనిపెట్టేవాళ్లను వెతికే ఆ ప్రయత్నం మంచిదే. కానీ వాళ్లెవరూ కొత్తదనంతో మొదలుపెట్టలేదు. ఎవరిదో పాతది విప్పారు, పాడుచేశారు, మళ్లీ బిగించారు, అందులో లోపం కనిపెట్టారు, తర్వాతే తమది చేశారు. మీరు మొదటి మెట్లన్నీ తీసేసి పిల్లను నేరుగా చివరి మెట్టు మీద నిలబడమంటున్నారు. అందుకే ఆమె పక్కన వాళ్ల నాన్న, ఆయన వెనక నాలాంటి దుకాణదారు నిలబడవలసి వస్తోంది.

కాబట్టి నేను అడిగేవి ఇవి.

ఒకటి, వచ్చే జూన్‌లో బడులు తెరిచాక, సాదా విద్యుత్ వలయాల పాఠం వచ్చిన వారమే ఉమ్మడి రెండు జిల్లాల్లోని ప్రతి ప్రభుత్వ బడిలో, ఆశ్రమ పాఠశాలలో, కస్తూర్బా విద్యాలయంలో ఆరో తరగతి పిల్లలందరూ తలా ఒక టార్చి చేయాలి. గుంపుకు ఒకటి అంటే ఒకరు చేస్తారు, నలుగురు చూస్తారు. అందుకే తలా ఒకటి. చేసినది బడిలో జమ చేయించుకోవద్దు, ఇంటికి తీసుకుపోనివ్వాలి.

రెండు, సైన్స్ ఫెయిర్‌లో 'చేసి చూపించు' అని ఒక విభాగం పెట్టండి. అందులో వస్తువు కొత్తదా పాతదా అన్నది అడగవద్దు. న్యాయనిర్ణేత ఎదుట పిల్ల దాన్ని విప్పి మళ్లీ కూర్చాలి. న్యాయనిర్ణేత రహస్యంగా ఒక తీగ ఊడదీస్తే లోపం ఎక్కడుందో కనిపెట్టాలి. దుకాణంలో కొన్న ప్రాజెక్టు ఈ పరీక్ష దాటదు. మా బేరం కొంత పడిపోతుంది, పడిపోనివ్వండి.

మూడు, ఎల్‌ఈడీ, వైరు, సెల్లు లాంటివి వాడుక సామాను అని, కాలినా విరిగినా టీచర్‌ను సంజాయిషీ అడగబోమని రాతలో ఇవ్వండి.

నాలుగు, అటల్ ల్యాబు ఉన్న ప్రతి బడి వారంలో ఒక పూట చుట్టుపక్కల బడులకు తలుపు తీయాలి. బాసర ట్రిపుల్ ఐటీ, జగిత్యాల జేఎన్‌టీయూ కాలేజీల విద్యార్థులను, ఐటీఐ బోధకులను ఆ పూట పిలవండి. మాలాంటి మెకానిక్కులనూ పిలవండి. రూపాయి అడగం.

ఐదు, మొదటి విడత ఏజెన్సీ బడులతో, అందులోనూ ఆడపిల్లలతో మొదలుపెట్టండి. గోండి, కొలామి మాట్లాడే పిల్లలకు వాళ్ల భాష తెలిసిన టీచర్ చేత చెప్పించండి. సామాను ఎప్పుడూ హైదరాబాద్ నుంచి మొదలై ఏజెన్సీకి చివర అందడం చూసి చూసి విసిగిపోయాం.

ఇందులో చట్టం మార్చవలసింది ఏదీ లేదు. కావలసింది ఒక పేజీ సర్క్యులర్. దాని మీద సంతకం చేసే ముందు మిమ్మల్ని ఇంకొక్కటే కోరుతున్నాను. మీలో ప్రతి ఒక్కరూ, డీఈఓ నుంచి న్యాయనిర్ణేత దాకా, మూడు సెల్లులు, ఒక ఎల్‌ఈడీ, ఒక రెసిస్టెన్స్ ముందు పెట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా ఒక టార్చి కూర్చండి. మొదటిసారికే వెలిగితే సంతోషం. వెలగకపోతే ఎక్కడ తప్పిందో వెతకండి. ఆ తర్వాత కూడా ఇది ప్రాజెక్టు కాదని మీకనిపిస్తే, కారణం రాతపూర్వకంగా చెప్పండి. ఎందుకు చేయలేమన్నదో, ఏ తేదీకి మొదలుపెడతామన్నదో, రెండింటిలో ఒక జవాబు ఈ రెండు జిల్లాల తల్లిదండ్రులకు మీరు బాకీ ఉన్నారు.

ఇట్లు,
గోదావరిఖని నుంచి ఒక రిపేరు షాపు మెకానిక్